ముందు చెయ్యి, తరువాత ప్రశ్న

పనిలో చేరిన మొదటి నెలలోనే మా పెద్ద డాక్టరమ్మ నాకు అబద్ధాలు పట్టడం నేర్పింది. గాయాలకు కట్టు కట్టడం, కళ్ళలో మందు వేయడం, పుండ్లు కడగడం నేను అప్పటికే ఆసుపత్రిలో నేర్చుకుని వచ్చాను. బళ్ళు తిరిగే నర్సుకు అవి చాలవని ఆమె అన్నది.

"ఆసుపత్రికి వచ్చేవాళ్ళు జబ్బు పోగొట్టుకోవడానికి వస్తారు. బడిపిల్లలు జబ్బు చూపించుకోవడానికి వస్తారు. ముందు ఆ తేడా తెలుసుకో శాంతమ్మా."

ఆమె చెప్పింది పూర్తిగా తప్పు కాదు. థర్మామీటరును చాయ్ గ్లాసులో ముంచి తెచ్చిన పిల్లలను చూశాను. లెక్కల పరీక్ష నాడు కంట్లో సబ్బు నురగ పెట్టుకుని కళ్ళకలక అన్న పిల్లను చూశాను. కడుపునొప్పి అని మెలికలు తిరుగుతూ, పక్క గదిలో మిఠాయి పంచుతున్నారని వినగానే లేచి కూర్చున్న పిల్లనూ చూశాను. ఏడాది తిరిగేసరికి నాకు పేరొచ్చింది. నేను వస్తున్నానంటే సగం మంది రోగులు తరగతుల్లోకి వెళ్ళిపోయేవారు. టీచర్లు మెచ్చుకునేవారు. నాకూ గర్వంగానే ఉండేది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీకు ఒక మాట. ఆ విద్య కావలసిందే. కాని అది చేతికొచ్చాక ప్రతి పిల్లా దొంగలాగే కనిపిస్తుంది. ఆ సంగతి డాక్టరమ్మ నాకు చెప్పలేదు. బహుశా ఆమెకూ ఎవరూ చెప్పి ఉండరు.

పట్నం బళ్ళు, పల్లె బళ్ళు

నా పని రెండు చోట్ల ఉండేది. నెలలో ఎక్కువ రోజులు పట్నంలో ఆడపిల్లల హైస్కూళ్ళు, వాటి బోర్డింగులు. మిగిలిన రోజులు మేడ్చల్, శామీర్‌పేట వైపు బళ్ళు. నేను పుట్టింది మేడ్చల్‌లోనే కనుక ఆ వైపు నన్ను వేశారు.

పట్నం పిల్లల్లో కళ్ళు మసకలు, తలనొప్పులు ఎక్కువ. తలనొప్పి అన్న పిల్లను పొద్దున ఏం తిన్నావని అడిగితే చాలాసార్లు జవాబు అందులోనే దొరికేది. పరదా బండ్లలో వచ్చి పరదా బండ్లలో పోయే పిల్లల ముఖాలు ఎండ తగలక సున్నం కొట్టినట్టు ఉండేవి. దగ్గు ఉన్న పిల్లను ఇంట్లోవాళ్ళే దాచేవారు. క్షయ అని బయటికి తెలిస్తే ఆ పిల్లకే కాదు, చెల్లెళ్ళకు కూడా పెళ్ళి కాదని భయం.

పల్లె బళ్ళలో గజ్జి, కళ్ళ పుసులు, కడుపులో నట్ట పురుగులు. దిగుడుబావి నీళ్ళు తాగిన పిల్లల కాళ్ళలోంచి తెల్లని దారంలాగా నారిపురుగు బయటికి వచ్చేది. అక్కడి తల్లిదండ్రులూ జబ్బు దాచేవారు, పెళ్ళి భయంతో కాదు, మా మీద నమ్మకం లేక. సర్కారు మనిషి వచ్చి పిల్లల పేర్లు రాసుకుంటే ఆ తరువాత ఏదో జరుగుతుందని వాళ్ళ అనుమానం. వాళ్ళను నేను తప్పుపట్టను. వాళ్ళ పేర్లు రాసుకున్నవాళ్ళు ఎవరూ అంతకుముందు వాళ్ళకు మంచి చేసినట్టు నాకూ గుర్తు లేదు.

ఇంకో రకం పిల్లలు ఉండేవారు. పల్లెలో పుట్టి, పట్నం బోర్డింగులో చదివేవారు. సెలవులకు ఇంటికి వెళ్ళి, పల్లె జబ్బుతో తిరిగి వచ్చేవారు. పట్నంలో దాన్ని గుర్తుపట్టేవాళ్ళు ఉండరు. మార్త అలాంటి పిల్ల.

మార్త

మార్త తండ్రి యోహాను శామీర్‌పేట చెరువుకు నీరడి. చెరువు తూము తీయడం, మూయడం, పొలాలకు నీళ్ళు పంచడం ఆయన పని. ఆ ఊళ్ళోని క్రైస్తవ కుటుంబాల్లో హైస్కూలు దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల మార్త. గుడి పెద్దలు కలిసి ఆమెను పట్నం బోర్డింగులో చేర్పించారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్ళు. తక్కువ మాట్లాడేది. అడిగిన దానికి జవాబు చెప్పి ఊరుకునేది.

యుద్ధం జరుగుతున్న రోజులు. సెలవులు ముగిసి పిల్లలు తిరిగొచ్చిన కొన్ని వారాలకు బోర్డింగు మేట్రన్ ఎస్తేరమ్మ నన్ను పక్కకు పిలిచింది. ఆమె చెడ్డమనిషి కాదు. నలభైమంది ఆడపిల్లల పరువు తన కొంగుకు కట్టి ఉందని నమ్మిన మనిషి.

"మార్త కడుపు చూశారా?" అన్నది.

"ఏమైంది?"

"లంగా పైకి కట్టుకుంటోంది. మూడు నెలలుగా బయట చేరలేదు. పొద్దున అన్నం చూస్తే వాంతి. నేను చెప్పేదేముంది, మీకు తెలియనిదా?"

ఆ మాటతోనే నా మనసు నిశ్చయించుకుంది. మార్తను రోగుల గదికి పిలిపించి తలుపు వేశాను. ఆమె మంచం అంచున కూర్చుంది. కడుపు నిజంగానే ఎత్తుగా ఉంది. చేతులు మాత్రం పుల్లల్లా ఉన్నాయి. ఆ చేతులు చూసైనా నేను ఆగవలసింది.

"ఎవరు?" అని అడిగాను.

"ఏం ఎవరు?"

"నీకు తెలుసు. నాకు చెప్తే నీకే మంచిది."

ఆమెకు కాసేపు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం గోడవైపు తిప్పుకుంది. అటువైపు చూస్తూనే ఒకే మాట అన్నది.

"నాకు సలిపెట్టి జరమొస్తది, నర్సమ్మా."

థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. అబద్ధం దొరికిందనుకున్నాను. నాకున్న పేరు నా కళ్ళకు అడ్డం వచ్చింది. కాగితం మీద 'గర్భమని అనుమానం, డాక్టరమ్మ చూడాలి' అని రాసి మేట్రన్ చేతికిచ్చాను.

డాక్టరమ్మ ఆ వారం జిల్లాల్లో ఉంది. ఆమె వచ్చేదాకా ఎస్తేరమ్మ ఆగలేదు. యోహానును పిలిపించి, నా కాగితం చదివి వినిపించి, పిల్లను పెట్టెతో సహా పంపించేసింది. ఇది నాకు మూడు రోజుల తరువాత తెలిసింది. తెలిసినప్పుడు నాకు బాధ కలగలేదని ఒప్పుకోవాలి. పాపం అనుకుని, తరువాతి పిల్ల పేరు పిలిచాను.

మేడ్చల్ బడిలో

ఆ మరుసటి వారం మేడ్చల్ బడికి వెళ్ళాను. అత్వెల్లి నుంచి నడిచి వచ్చే ఒక పిల్లవాడు నా ముందుకొచ్చాడు. పదమూడేళ్ళుంటాయి.

"ఏంది నీ బాధ?"

"దినమిడిసి దినం సలిజరం వస్తది."

థర్మామీటరు పెట్టాను. జ్వరం లేదు. తరగతికి పొమ్మని చెప్పబోయాను. వాడే అంగీ పైకెత్తాడు. ఎడమవైపు పక్కటెముకల కింద కాలిన మచ్చలు వరసగా ఉన్నాయి.

"బల్ల పెరిగిందని మా అవ్వ వాతలు వెట్టింది" అన్నాడు. "ఇయ్యాల జరం రాదు. రేపొస్తది, పొద్దెక్కినంక."

వాణ్ణి బెంచీ మీద పడుకోబెట్టి మచ్చల పక్కన చెయ్యి పెట్టాను. గట్టిగా, పలకలాగా తగిలింది. ఊపిరి పీల్చమంటే నా వేళ్ళ కిందికి జరిగింది. చలిజ్వరం ముదిరితే ఎడమవైపున ఉండే ప్లీహం అలా పెరుగుతుంది. దాన్నే మనవాళ్ళు బల్ల అంటారు. ఎక్కువ పెరిగితే బొడ్డు దాటి కడుపంతా నిండుతుంది. రక్తం తగ్గిపోతుంది. రక్తం తగ్గిన ఆడపిల్ల నెలల తరబడి బయట చేరదు. ఇవన్నీ నేను చదివినవే, పరీక్షలో రాసినవే.

నా చెయ్యి ఆ పిల్లవాడి కడుపు మీదే ఆగిపోయింది. మార్త కడుపు మీద నేను చెయ్యి పెట్టలేదు. ఆమెను ప్రశ్న అడిగాను. చెయ్యి పెట్టలేదు.

వెంటనే ఇంకో భయం పుట్టింది. బల్ల పెరిగిన కడుపును గట్టిగా నొక్కినా, దెబ్బ తగిలినా, అది లోపల పగులుతుంది. రక్తమంతా లోపలికే పోయి మనిషి పూట గడవకుండా చనిపోతుంది. గర్భమని నమ్మిన ఇంట్లో ఆడపిల్ల కడుపును ఏం చేస్తారో నాకు తెలుసు. బడిలో మిగిలిన పిల్లలను వదిలేసి బండి మాట్లాడుకుని శామీర్‌పేటకు బయలుదేరాను.

నీరడి ఇంట్లో

యోహాను ఇల్లు చెరువు కట్ట కింద ఉంది. ఇంటి వెనక తూము నుంచి కారిన నీళ్ళు గుంటల్లో నిలిచి ఉన్నాయి. నేను వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నం. అరుగు మీద ఆముదం గిన్నె పెట్టుకుని మంత్రసాని లచ్చవ్వ కూర్చుని ఉంది. తల్లి పొయ్యి మీద నీళ్ళు కాస్తోంది. మార్త లోపల గోడకు ఆనుకుని ఉంది. ముందు నాకు ఆమె కళ్ళు కనిపించాయి. ప్రాణంతో ఉంది.

యోహాను గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"కాయితం రాసిచ్చింది నువ్వే గద?"

"నేనే. తప్పు రాసిన. పిల్లను ఒకసారి సూడనియ్యి."

"పట్నంల గర్భమంటివి. ఈడికొచ్చి కాదంటవు. రేపేమంటవు?"



"రేపటి సంగతి తరువాత. ఇయ్యాల ఆమె కడుపు ఎవరూ పిసుకద్దు. పిసికితే సస్తది" అన్నాను.

లచ్చవ్వ నవ్వింది. "నేను ఎందర్ని జూడలే? సర్కారోళ్ళకు గిప్పుడు యాదికొచ్చిందా? గిండ్ల ఏదో ఉన్నది యోహానూ. గా బోర్డింగుల ఎవడో పెద్దోడున్నడు. వాని పేరు బయటికొస్తదని గీమెను తోలిన్రు."

యోహాను నా ముఖంలోకి చూశాడు. ఆ మాట అతనికి నమ్మదగ్గదిగానే కనిపించింది. నేను అతని స్థానంలో ఉంటే నాకూ అలాగే కనిపించేది.

అప్పుడు మార్త లోపలి నుంచి, "సూడనియ్యి బాపూ. ఆమె ఆ దినం నన్ను ముట్టనే లేదు" అన్నది.

అతను పక్కకు జరిగాడు. మార్తను చాప మీద పడుకోబెట్టి, అరచేతులు వెచ్చబడేదాకా రుద్దుకుని, మెల్లగా చెయ్యి పెట్టాను. బల్ల ఎడమ పక్కటెముకల కింద మొదలై బొడ్డు దాటిపోయింది. దాని అంచు, ఆ అంచులో ప్లీహానికి మాత్రమే ఉండే గాడి వేళ్ళకు స్పష్టంగా తెలిశాయి. పొత్తికడుపు మాత్రం మెత్తగా, ఖాళీగా ఉంది.

"నువ్వు గూడ చెయ్యి పెట్టు. మెల్లగ" అని తల్లిని పిలిచాను. ఆమె పెట్టింది. ఆమెకు ఏమీ అర్థం కాలేదు.

వాకిట్లో మార్త తమ్ముడు దానియేలు నిలబడి ఉన్నాడు. ఎనిమిదేళ్ళవాడు. వాడి పొట్టా ఎత్తుగానే ఉంది. వాణ్ణి అక్క పక్కనే పడుకోబెట్టాను. యోహాను చెయ్యి పట్టుకుని ముందు వాడి కడుపు మీద, తరువాత మార్త కడుపు మీద పెట్టించాను.

"రెండూ ఒక్కతీరున్నయా?"

అతను చాలాసేపు తడిమి చూశాడు.

"వీనిది శిన్నగున్నది. ఒక్కతీర్గనే ఉన్నది."

"మరి వీనిది గూడ గర్భమేనా?"

అతను చెయ్యి తీసేసుకుని నేల మీద కూర్చున్నాడు. తల్లి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగింది. లచ్చవ్వ గిన్నె తీసుకుని లేచింది. "ఏమో తల్లీ, మీ సదువులు మాకు తెల్వయి" అంటూ వెళ్ళిపోయింది. ఆమె నమ్మలేదని నడకలోనే తెలిసింది.

మార్త లేచి బట్టలు సర్దుకుంది. నా వైపు చూడలేదు.

పసుపు మాత్రలు

మార్త వేలి నుంచి నెత్తురు చుక్క తీసి గాజుపలక మీద పూసి పట్నం పంపాను. చలిజ్వరమేనని తేలింది. యుద్ధం వల్ల చలిజ్వరానికిచ్చే కొయినా మందు దొరకడం లేదు. దాని బదులు పసుపు రంగు మాత్రలు వస్తున్నాయి. వాటితో జ్వరం తగ్గుతుంది. కాని కొన్ని వారాలు మింగితే ఒళ్ళు పసుపు రంగుకు తిరుగుతుంది. ముందే ఆ సంగతి ఇంట్లోవాళ్ళకు చెప్పాను. ఊరికి చెప్పలేదు. అది నా రెండో తప్పు.

మార్త పసుపుపచ్చగా అయ్యేసరికి నర్సమ్మ విషం పెడుతోందని పుకారు పుట్టింది. మాత్రలు ఆపి, మళ్ళీ మొదలుపెట్టి, నెలలు గడిచాక కడుపు తగ్గింది. అప్పుడు ఇంకో పుకారు పుట్టింది. కడుపు తగ్గిందంటే మాత్రలతో తీసేశారన్నమాట. జబ్బు ఉన్నప్పుడు కడుపు సాక్ష్యం, తగ్గాక తగ్గడమే సాక్ష్యం. అనుమానపడదలచుకున్నవాళ్ళకు ఏదైనా సరిపోతుందని నాకప్పుడు తెలిసింది. వాళ్ళను తిట్టే హక్కు నాకు లేదు. మొదటి కాగితం నాదే.

డాక్టరమ్మకు జరిగింది చెప్పాను. ఆమె నా మొదటి కాగితం తీసి సొరుగులో పెట్టింది.

"చలిజ్వరం, నయమైంది అని రాయి. అంతకుమించి రాయకు. ఒక్క తప్పు బయటపడితే ఇకమీద ఎవరూ మన చేతికి పిల్లలను ఇవ్వరు."

ఆమె మంచి వైద్యురాలు. ఆమె దగ్గర నేర్చుకున్నదానితో ఎందరికో మేలు చేశాను. అయినా ఆ రోజు ఆమె చెప్పింది పిల్లల కోసం కాదు, మా కోసం. అది తెలిసి కూడా ఆమె చెప్పినట్టే రాశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను.

మార్త పెట్టిన షరతు

ఆ తరువాతి సెలవులు ముగిశాక పల్లెల నుంచి తిరిగొచ్చిన బోర్డింగు పిల్లలందరినీ వరసగా పడుకోబెట్టి కడుపులు చూశాను. ఇంకా కొందరికి బల్ల తగిలింది. ఎస్తేరమ్మ చెయ్యి కూడా పెట్టించాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "మార్తను తీసుకురండి" అన్నది.

ఆ మాట చెప్పడానికి శామీర్‌పేట వెళ్ళాను. యోహాను వెంటనే పంపిస్తానన్నాడు. మార్త ఒప్పుకోలేదు.

"నేను రాను" అన్నది. "ఆదివారం గుడిల అందరూ కూసున్నప్పుడు మీరొచ్చి చెప్పాలె. మేట్రనమ్మ గూడ రావాలె. అప్పుడొస్త."

"ఏమని చెప్పాలె?"

"మీరు రాసింది మీకు తెల్వదా?"

పదిహేనేళ్ళ పిల్ల అంత నిదానంగా మాట్లాడుతుంటే నాకు కోపం వచ్చింది. సర్కారు ఉద్యోగిని, కూలినాలి చేసుకునేవాళ్ళ ముందు నిలబడి తప్పు ఒప్పుకోవాలా అనిపించింది. ఒక వారం వెళ్ళలేదు. రెండో వారం ఎస్తేరమ్మే నా ఇంటికొచ్చి, "పోదాం పదండి, నాకు నిద్ర పట్టడం లేదు" అన్నది.

ప్రార్థన ముగిశాక పాస్టరు మమ్మల్ని ముందుకు పిలిచాడు. ఎస్తేరమ్మ రెండు మాటలు చెప్పి ఏడ్చింది. నేను ఏడవలేదు. పిల్లను ముట్టుకోకుండానే గర్భమని రాశానని, అది చలిజ్వరపు బల్ల అని, అది గుంటల్లో పుట్టే దోమల వల్ల వస్తుందని, ఆ గుడిలో కూర్చున్న పిల్లల్లో కూడా చాలామందికి ఉండి ఉంటుందని చెప్పాను. వెనక నుంచి ఒక ముసలామె లేచింది.

"జీతం తినేటోళ్ళు తప్పొప్పుకుంటరా యాడన్న? ఒప్పుకుంటున్నరంటే లోపల ఇంకేందో ఉన్నది."

కొందరు తలలు ఊపారు. కొందరు మాత్రం బయటికి వచ్చాక తమ పిల్లలను నా ముందుకు తెచ్చి కడుపులు చూడమన్నారు. సగం నమ్మకం, సగం అనుమానం. ఆ ఊళ్ళో నాకు చివరిదాకా దొరికింది అంతే. దానితోనే పని చేశాను. కట్ట కింద గుంటల్లో కొన్నింటిని యోహాను మట్టి పోసి పూడ్చాడు.

మార్త ఆ సోమవారం పెట్టె సర్దుకుని బోర్డింగుకు వచ్చింది. ఒక ఏడు పోయింది. మిగిలిన చదువు పూర్తిచేసింది.

మీరు రాసేముందు

మీరు బళ్ళలోకి వెళ్ళినప్పుడు టీచరు ఒక మాట చెప్తుంది, మేట్రన్ ఒక మాట చెప్తుంది, తల్లి ఒక మాట చెప్తుంది. అన్నీ వినండి. ఏదీ నమ్మకండి. మీ మనసు తొందరగా చెప్పేదాన్ని అసలే నమ్మకండి. జ్వరం లేదంటే ఈ రోజు లేదని మాత్రమే అర్థం. పిల్ల చెప్పిన మాట అబద్ధమని తేలేదాకా నిజమే. రాసిన కాగితం మన చెయ్యి దాటాక ఎవరి ఇంటికి చేరుతుందో, అక్కడ ఎవరు పొయ్యి మీద నీళ్ళు కాస్తారో మనకు తెలియదు.

యుద్ధం ముగిసి, నవాబు రాజ్యం కూడా పోయిన తరువాతి ఏడు మేడ్చల్‌లో ఆడపిల్లల తరగతులు చూడటానికి వెళ్ళాను. కొత్తగా వచ్చిన టీచరమ్మ పిల్లలను వరసలో నిలబెట్టి, వాళ్ళ పేర్లు, ఊర్లు, ఎవరికి ఎన్నాళ్ళ నుంచి ఏం బాధ ఉందో రాసిన కాగితం నా చేతికిచ్చింది. మార్తే. బాగా ఉన్నారా అని అడిగింది. బాగున్నానన్నాను. తమ్ముడు పట్నంలో చదువుతున్నాడని చెప్పింది.

మొదటి పిల్లను తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి, అలవాటు ప్రకారం తలుపు వేయబోయాను. మార్త వచ్చి తలుపు పట్టుకుంది. కుర్చీ ఒకటి లోపలికి లాక్కుని గోడ పక్కన కూర్చుంది.

"మీరు సూడండి నర్సమ్మా" అన్నది. "నేనిక్కడనే ఉంట. పిల్లలను ఏమడిగినా నా ముందే అడగండి."

సాయంత్రం చివరి పిల్ల బయటికి వెళ్ళేదాకా ఆమె ఆ కుర్చీలోంచి లేవలేదు. నేనూ లేవమని అనలేదు.